ప్రభుత్వాలు కూలాక ఆఫీసుల సంగతేంటి?

1992 జనవరి 2న రష్యాలో చాలా సరుకుల ధరల మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. ఆ రోజు గురించి ఎక్కడ చదివినా ధరలు ఎలా ఆకాశాన్నంటాయో, ఆ ఏడాది ద్రవ్యోల్బణం దాదాపు 2,500 శాతానికి ఎలా పోయిందో చెప్తారు. నాకు మాత్రం ఎప్పుడూ ఇంకో సంగతి మీదికే మనసు పోతుంది. అప్పటిదాకా సరుకుల ధరలు నిర్ణయించడానికే సోవియట్ ప్రభుత్వంలో ఒక పెద్ద కమిటీ ఉండేది. ఏ ఫ్యాక్టరీకి ఎంత ఉత్పత్తి లక్ష్యమో చెప్పడానికి గోస్‌ప్లాన్ ఉండేది, ఎవరి ముడిసరుకు ఎవరికి వెళ్లాలో చూడటానికి గోస్‌స్నాబ్ ఉండేది. వాటి కింద ఊరూరా ఆఫీసులు, ఆ ఆఫీసుల్లో లెక్కలు కట్టేవాళ్లు, తనిఖీ చేసేవాళ్లు, ముద్ర వేసేవాళ్లు. దేశం మారింది, ఉత్తర్వులొచ్చాయి, వాళ్ల పని పోయింది. వాళ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. మరి వాళ్లని ఏం చేయాలి? ఇంటికి పంపాలా, ఇంకో పని నేర్పాలా, నేర్పితే ఎవరు నేర్పాలి, ఆ కొత్త పని తెలిసినవాడు దేశంలో ఒక్కడైనా ఉన్నాడా?

రాజకీయంగా, ఆర్థికంగా ఒకేసారి దారి మళ్లే దేశంలో మూడు పనులు జరగాలి. ఎన్నికలు, రాజ్యాంగం, పార్టీలు ఒక పని. ధరలు, కరెన్సీ, ఆస్తి హక్కులు, ప్రైవేటీకరణ ఇంకో పని. మూడోది ప్రభుత్వ యంత్రాంగం, అంటే ఆఫీసులు, వాటిలో మనుషులు, వాళ్ల జీతాలు, వాళ్ల చేతిలో ఉన్న అధికారాలు. మొదటి రెండింటికీ తేదీలుంటాయి. పోలండ్‌లో ఎన్నికలు 1989 జూన్ 4న జరిగాయి, ఆర్థిక మంత్రి బాల్సెరోవిచ్ సంస్కరణల ప్యాకేజీ 1990 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మూడోదానికి అలాంటి తేదీ ఉండదు, కెమెరాలు రావు, దాన్ని చేసి పేరు తెచ్చుకున్న మంత్రి అరుదు. కాబట్టి అది ఎప్పుడూ వచ్చే ఏడాదికి వాయిదా పడుతూ ఉంటుంది.

చిక్కేమిటంటే మొదటి రెండు పనులూ నడవాల్సింది ఈ మూడోదాని మీదుగానే. ఎవరైనా వ్యాపారం పెట్టుకోవచ్చని పార్లమెంటు చట్టం చేస్తుంది, రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో ఉన్నాయన ఫైలు తిరగేసి “ఇంకో కాగితం కావాలి, వచ్చే వారం రండి” అంటాడు, చట్టం అక్కడే ఆగిపోతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. కాబట్టి ఈ వ్యాసమంతా నేను ఒకే ప్రశ్న పట్టుకుని నడుస్తాను: కౌంటర్ అవతల కూర్చున్న మనిషికి కాదనే అధికారం ఎంత ఉంది, కాదంటే అతన్ని నిలదీయగలిగేవాళ్లు ఎవరు?

ముందు ఒక అపోహ పక్కన పెట్టేద్దాం. కమ్యూనిస్టు దేశాల్లో ప్రభుత్వం మరీ పెద్దది, దాన్ని కోసేస్తే సగం పని అయిపోతుంది అని 1990ల మొదట్లో చాలామంది సలహాదారులు నమ్మారు. ప్రభుత్వం పెద్దదే, కాదనడం లేదు. కానీ అది అక్కర్లేని చోట పెద్దది, అవసరమైన చోట అసలు లేనే లేదు. పన్నుల సంగతి తీసుకోండి, విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

ప్రణాళికా వ్యవస్థలో పన్ను వసూలు చేయడం దాదాపు ఒక పనే కాదు. ఫ్యాక్టరీ ప్రభుత్వానిది, బ్యాంకు ప్రభుత్వానిది, ఫ్యాక్టరీ ఖాతా ఉండేది కూడా ఆ బ్యాంకులోనే. లాభంలోంచి, అమ్మకాల్లోంచి ఖజానాకు పోవాల్సింది ఆ ఖాతాలోంచే మళ్లిపోయేది. జీతగాళ్ల ఆదాయపు పన్నుందా, అదీ ఫ్యాక్టరీలోనే జీతంలోంచి కోసేసేవాళ్లు. జనం రిటర్న్ నింపాల్సిన పని లేదు, ఆఫీసుకి దాన్ని పరీక్షించాల్సిన పని లేదు. ఎగవేత, ఆడిట్, అప్పీలు, ఇవేవీ రోజువారీ మాటలు కావు. ఖజానాకు డబ్బు కట్టే సంస్థలు లెక్కపెట్టగలిగినన్నే ఉండేవి, అన్నీ ప్రభుత్వం గుప్పిట్లోనే ఉండేవి.

ఇప్పుడు ఈ దేశంలో ప్రైవేటు వ్యాపారాలకి గేట్లు తెరిచారు. కొద్ది నెలల్లో లక్షల కొద్దీ చిన్న దుకాణాలు, ట్రక్కులు, వర్క్‌షాపులు, రోడ్డు మీద బల్ల వేసుకుని అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు, వీళ్లలో చాలామందికి బ్యాంకు ఖాతా కూడా లేదు. మరోపక్క ఇన్నాళ్లూ ఖజానా నింపిన ప్రభుత్వ ఫ్యాక్టరీలు నష్టాల్లో కూరుకుపోతున్నాయి. అంటే పాత ఆదాయం ఎండిపోతోంది, కొత్త ఆదాయం ఎక్కడుందో పట్టుకునే ఆఫీసు ఇంకా పుట్టలేదు. పోలండ్ వ్యక్తిగత ఆదాయపు పన్నును 1992 జనవరి నుంచి, వ్యాట్‌ను 1993 జూలై నుంచి తెచ్చింది. చట్టం రాయడం అందులో చిన్న పని. దేశంలోని పెద్దవాళ్లందరికీ ఫారం నింపడం నేర్పాలి, ఆ ఫారం చూసి ఎక్కడ అబద్ధముందో పట్టగలిగే ఇన్‌స్పెక్టర్లని తయారుచేయాలి, ఆ ఇన్‌స్పెక్టరు తప్పు చేస్తే పౌరుడు వెళ్లడానికి ఒక కోర్టు ఉండాలి. రష్యాలో ఇది చాలా ఏళ్లు కుదరలేదు. 1990ల మధ్యకి వచ్చేసరికి పెద్ద కంపెనీలు పన్నులు బకాయి పెట్టడం, చివరికి డబ్బుకి బదులు సరుకులు ఇచ్చి లెక్క సరిచేసుకోవడం మామూలైపోయింది. ఏ కంపెనీ ఎంత కట్టాలి అనేది చట్టంలో ఉన్నదాన్ని బట్టి కాక, ఎవరు ఎవరితో కూర్చుని బేరమాడారన్న దాన్ని బట్టి తేలేది. నేనడిగిన ప్రశ్న గుర్తుందిగా, విచక్షణ, అంటే అవునో కాదో తేల్చే అధికారం, అంతా అధికారి చేతిలోనే, నిలదీసేవాడు లేడు.

పన్నుల ఆఫీసు ఒక్కటే కాదు. దివాలా కోర్టు, పోటీ కమిషన్, షేర్ మార్కెట్ నియంత్రణ, భూమి రికార్డులు, కంపెనీల రిజిస్టరు, నిరుద్యోగ భృతి ఇచ్చే ఆఫీసు. చివరిదాన్ని గమనించండి. కాగితం మీద నిరుద్యోగం లేని దేశంలో నిరుద్యోగ కార్యాలయం ఎందుకుంటుంది? అన్నీ సున్నా నుంచి మొదలు. అంటే ప్రభుత్వం ఒకే ఏడాదిలో ఒక చేత్తో ఉద్యోగాలు తీసేయాలి, ఇంకో చేత్తో ఎవరికీ అలవాటు లేని ఉద్యోగాలు పుట్టించాలి, ఇదంతా ఖజానా ఖాళీగా ఉన్నప్పుడు. బయటి సలహాదారులకి ఇందులో మొదటి సగం బాగా అర్థమైంది, రెండో సగం ఆలస్యంగా ఎక్కింది. ప్రపంచ బ్యాంకు తన 1997 వార్షిక నివేదిక మొత్తాన్ని మారుతున్న ప్రపంచంలో రాజ్యం పాత్రకి కేటాయించి, సమర్థమైన రాజ్యం లేకుండా మార్కెట్ కూడా నిలబడదని రాసింది. అప్పటికి రష్యాలో పెద్ద ప్రైవేటీకరణలు చాలావరకు ముగిసిపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

ఇక అసలు తలనొప్పి, మనుషులు. పాత ప్రభుత్వం కింద పనిచేసినవాళ్లని ఉంచాలా, పంపాలా? ఆవేశంలో అందరూ “పంపేయాలి” అంటారు. పాత పాలనలో వేధింపులు పడ్డవాళ్లు, మళ్లీ అదే మొహాన్ని అదే కౌంటర్‌లో చూస్తే వాళ్లకి కడుపు మండదా? మండుతుంది, న్యాయమే. కానీ పంపేస్తే మర్నాడు పెన్షన్లు ఎవరు పంపిస్తారు, కరెంటు ఎవరు చూస్తారు?

పోలండ్‌లో 1989లో ప్రధాని అయిన మజోవియెట్‌స్కీ, గతానికీ తమకీ మధ్య ఒక మందపాటి గీత గీస్తున్నామని తన మొదటి ప్రసంగంలో అన్నారు. దాన్ని జనం “అందరినీ క్షమించేశారు” అని అర్థం చేసుకున్నారు, ఆ మాట మీద అక్కడ ఇప్పటికీ గొడవ నడుస్తూనే ఉంది. చెకొస్లొవేకియా ఇంకో దారి పట్టింది. 1991 అక్టోబరులో చట్టం చేసి, పాత రహస్య పోలీసులకి పనిచేసినవాళ్లు, పార్టీలో ఒక స్థాయికి మించి ఉన్నవాళ్లు కొన్ని ముఖ్యమైన పదవుల్లో ఉండకూడదన్నారు. కింది స్థాయి గుమాస్తాని ముట్టుకోలేదు. నాకు ఈ రెండో పద్ధతే మేలనిపిస్తుంది, ఎందుకంటే ఎవరు పోవాలి అన్నది ముందే రాసిపెట్టారు, అది ఎవరి కోపతాపాల మీదా ఆధారపడలేదు. రహస్య పోలీసు ఫైళ్లలో ఉన్న పేర్లన్నీ నిజంగా ఇన్ఫార్మర్లవేనా అన్న అనుమానం మాత్రం ఎప్పటికీ వదల్లేదు, అదొక పెద్ద కథ.

అన్నిటికన్నా ఘోరంగా చేసింది ఇరాక్‌లో అమెరికా ఆక్రమణ ప్రభుత్వం. 2003 మే 16న దాని అధిపతి పాల్ బ్రెమర్ మొదటి ఉత్తర్వుతో సద్దాం హుసేన్ బాత్ పార్టీలో పై నాలుగు స్థాయుల్లో ఉన్నవాళ్లందరినీ ప్రభుత్వ ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఆ తర్వాత వారానికే రెండో ఉత్తర్వుతో సైన్యాన్నే రద్దు చేశారు. ఆ దేశంలో పార్టీ సభ్యత్వం లేకుండా పైకి రావడం కష్టం కాబట్టి, ఇంజనీర్లు, స్కూలు టీచర్లు, ఆసుపత్రుల్లో పెద్ద డాక్టర్లు కూడా ఆ వేటులో పోయారు. పాత దుర్మార్గులూ పోయారు, ఆఫీసు ఎలా నడపాలో తెలిసినవాళ్లూ పోయారు, తుపాకీ పట్టుకోవడం తప్ప ఇంకో పని రాని లక్షలమంది జీతం లేకుండా రోడ్డున పడ్డారు. ఆ తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే.

దక్షిణాఫ్రికాది దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ శ్వేతజాతి పాలనని ముగించే చర్చలు ముందుకు కదలడానికి ఒక కారణం, జో స్లోవో 1992లో తెచ్చిన ప్రతిపాదన. పాత శ్వేతజాతి ప్రభుత్వ ఉద్యోగుల కొలువులకీ, పెన్షన్లకీ కొంతకాలం హామీ ఇద్దాం, లేదంటే వాళ్లే మార్పుని అడ్డుకుంటారు అన్నది దాని సారాంశం. స్లోవో కమ్యూనిస్టు పార్టీ నాయకుడు కావడం ఇందులో విశేషం. రక్తపాతం లేకుండా అధికారం చేతులు మారడానికి అది చాలా ఉపయోగపడింది. కానీ ధర గట్టిగానే పడింది. వేరు వేరు జాతుల కోసం పెట్టిన పరిపాలనలు, నల్లజాతివాళ్లకని విడదీసి బంటుస్తాన్‌లు అని పిలిచిన ప్రాంతాల ప్రభుత్వాలు, అన్నీ కలిపి ఒకే సర్వీసు చేయాలి, పాతవాళ్లకి హామీ ఉంది కాబట్టి తీసేయలేరు, కొత్తవాళ్లని తీసుకోవాలి. తర్వాత స్వచ్ఛంద పదవీ విరమణ ప్యాకేజీ ప్రకటిస్తే, బయట వేరే ఉద్యోగం దొరుకుతుందన్న ధీమా ఉన్నవాళ్లు, అంటే పని బాగా వచ్చినవాళ్లే ముందు తీసుకుని వెళ్లిపోయారు. ఇది అక్కడికే పరిమితం కాదు, స్వచ్ఛందంగా వెళ్లొచ్చు అని ఏ ఆఫీసు తలుపు తెరిచినా ముందు బయటికి నడిచేది పనిమంతులే.

తూర్పు జర్మనీ సంగతి వేరు, దాన్ని ఉదాహరణగా తీసుకునేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. 1990 అక్టోబరు 3న అది పడమటి జర్మనీలో కలిసిపోయింది కాబట్టి చట్టాలు, కోర్టులు, కరెన్సీ అన్నీ రెడీమేడ్‌గా దొరికాయి, పడమటి నుంచి వేల మంది అధికారులు అదనపు అలవెన్సుతో వచ్చి ఆఫీసులు నడిపారు. ఆ అలవెన్సుని జనం “అడవి భత్యం” అన్న అర్థం వచ్చే మాటతో వెక్కిరించేవాళ్లు. దాదాపు 8,500 ప్రభుత్వ సంస్థలని, వాటిలోని 40 లక్షల ఉద్యోగులని అమ్మేయడమో మూసేయడమో చేయమని ట్రాయ్‌హాండ్ అనే ఒక్క ఏజెన్సీకి అప్పజెప్పారు. దాని అధిపతి రోవెడర్‌ని 1991 ఏప్రిల్‌లో కాల్చి చంపారు, ఏజెన్సీ 1994 చివరికి మూతపడింది. ఫ్యాక్టరీలు మూతపడి ఉద్యోగాలు పోయిన కోపం, “మమ్మల్ని బయటివాళ్లు వచ్చి పాలించారు” అన్న బాధ ఇప్పటికీ అక్కడి ఎన్నికల్లో కనిపిస్తాయి. అరువు తెచ్చుకున్న యంత్రాంగంతో కూడా ఇంత నొప్పి ఉంటే, అరువిచ్చే అన్న లేని దేశాల సంగతి ఊహించుకోండి.

ఇప్పుడు జీతాల దగ్గరికి వద్దాం. ఇక్కడ జార్జియా కథ తప్పించుకోలేం, ఎందుకంటే అంత వేగంగా, అంత మొరటుగా ఇంకెవరూ చేయలేదు. 2003లో ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ అవినీతి సూచీలో 133 దేశాల్లో జార్జియాది 124వ స్థానం. ఆ నవంబరులో జనం రోడ్డెక్కి పాత ప్రభుత్వాన్ని దించిన గులాబీ విప్లవం వచ్చింది, జనవరిలో సాకాష్‌విలి అధ్యక్షుడిగా గెలిచారు.

అప్పటి ట్రాఫిక్ పోలీసు ఎలా బతికేవాడో కొంచెం దగ్గరగా చూద్దాం. జీతం నెలకు కొన్ని పదుల డాలర్లు, అది కూడా టైముకి రాదు. ఆ ఉద్యోగం రావాలంటే ముందు లంచం కట్టాలి, అంటే చేరేనాటికే అప్పులో ఉంటాడు. యూనిఫాం, పెట్రోలు చాలాసార్లు తన ఖర్చే. వారం వారం పై అధికారికి మామూళ్లు పంపాలి, ఆ పై అధికారి ఇంకా పైకి పంపాలి, ఎందుకంటే ఆయన కూడా కుర్చీ కొనుక్కున్నవాడే. కాబట్టి ఇతను రోడ్డు మీద కారు ఆపితే తప్పు చేశావని కాదు ఆపేది, ఈ వారం లెక్క తక్కువ పడిందని. అలాంటి మనిషికి నీతి క్లాసులు చెప్పి లాభమేముంది? అవినీతి అక్కడ దారి తప్పిన ప్రవర్తన కానే కాదు, ఉద్యోగం డిజైనే అది. వాడొక్కడు నిజాయితీగా ఉందామనుకున్నా పైకి పంపాల్సిన డబ్బు ఆగితే మర్నాడు ఉద్యోగం ఉండదు.

కొత్త ప్రభుత్వం ఆ శాఖనే రద్దు చేసింది, దాదాపు 16 వేలమందిని ఒక్క దెబ్బకి ఇంటికి పంపింది. తర్వాత పరీక్షలు, ట్రైనింగ్ పెట్టి కొత్త పెట్రోల్ పోలీసులని తీసుకున్నారు, జీతం పది రెట్ల దాకా పెంచారు, మొదట్లో ఆ ఖర్చుకి విదేశీ సాయం కూడా తోడైంది. జరిమానా చేతికి తీసుకోవడం ఆపేసి బ్యాంకులో కట్టమన్నారు. పోలీస్ స్టేషన్లకి అద్దాల గోడలు పెట్టారు, లోపల ఏం జరుగుతోందో వీధిలోకి కనిపించాలని. అప్పటికీ లంచం తీసుకున్నవాళ్లని పట్టుకోవడానికి మారువేషంలో మనుషుల్ని పంపేవాళ్లు. లైసెన్సులు, పర్మిట్లు చాలావాటిని పూర్తిగా ఎత్తేశారు, అడగాల్సిన అవసరమే లేకపోతే లంచం ఎక్కడిది? 2012కి అదే సూచీలో జార్జియా 176 దేశాల్లో 51వ స్థానానికి వచ్చింది.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే అబద్ధం చెప్పినట్టే. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. కౌంటర్‌లో ఉన్న గుమాస్తా చేతిలోంచి విచక్షణ తీసేశారు సరే, అది ఎక్కడికి పోయింది? పైకి పోయింది. పాత అధికారులని అరెస్టు చేసి, కోర్టు విచారణ పూర్తిగా జరక్కముందే డబ్బు కట్టించుకుని వదిలిన సందర్భాలున్నాయి. ప్రాసిక్యూటర్ అడిగాడంటే శిక్ష పడ్డట్టే అన్న పరిస్థితి వచ్చింది. 2003 నుంచి 2011 మధ్య జైళ్లలో ఉన్నవాళ్ల సంఖ్య దాదాపు నాలుగు రెట్లయింది. 2012 సెప్టెంబరులో జైల్లో ఖైదీలని హింసిస్తున్న వీడియోలు బయటికొచ్చాయి, రెండు వారాలు తిరక్కుండానే ఎన్నికల్లో ఆ ప్రభుత్వం ఓడిపోయింది. చిన్న అధికారిని నిలదీసే ఏర్పాటు చేశారు, పెద్ద అధికారిని నిలదీసే కోర్టుని కట్టలేదు. కట్టడం ఆలస్యమని అనుకున్నారో, అడ్డమని అనుకున్నారో.

ఎస్తోనియా ఇదే పనిని చడీచప్పుడు లేకుండా చేసింది. 1991 ఆగస్టులో స్వతంత్రం, 1992 జూన్‌లో సొంత కరెన్సీ క్రూన్, ఎనిమిది క్రూన్‌లకి ఒక జర్మన్ మార్క్ అని కట్టేశారు కాబట్టి అక్కడా విచక్షణకి తావు లేదు. అక్టోబరులో ప్రధాని అయిన మార్ట్ లార్ వయసు 32 ఏళ్లు. జనాభా తక్కువ, డబ్బు తక్కువ, ప్రతి శాఖకీ పెద్ద కంప్యూటర్ వ్యవస్థ కొనే స్తోమత లేదు. 2001లో ఎక్స్-రోడ్ అని ఒకటి మొదలుపెట్టారు. దీన్ని ఒక పెద్ద ప్రభుత్వ డేటాబేస్ అని చాలామంది పొరబడతారు. నిజానికి అది ఏ డేటానీ దాచుకోదు. జనాభా రిజిస్టరు దాని చోట, పన్నుల శాఖ దాని చోట ఉంటాయి, ఒకరి సమాచారం ఇంకొకరికి కావాలంటే ఆ దారి వెంట అడిగి తెచ్చుకుంటారు, ఎవరు ఎప్పుడు అడిగారో నమోదవుతుంది. ఒకే సమాచారం సేకరించడానికి ఇంకో డేటాబేస్ పెట్టడం అక్కడ చట్టరీత్యా నిషిద్ధం. దాని అర్థమేంటో ఆలోచించండి: మీ చిరునామా ప్రభుత్వంలో ఒక ఆఫీసుకి తెలిస్తే, ఇంకో ఆఫీసువాడు మిమ్మల్ని ఆ కాగితం తెమ్మని తిప్పడానికి లేదు. పైగా తన రికార్డుని ఏ ప్రభుత్వ ఆఫీసు తెరిచి చూసిందో పౌరుడు తన కంప్యూటర్లోనే చూసుకునే ఏర్పాటు ఉంది. ఇక్కడ నిలదీసేవాడు పౌరుడే, దానికోసం అతను ఆఫీసుకి కూడా పోనక్కర్లేదు. టెక్నాలజీ చూసి మురిసిపోయి అదే సాఫ్ట్‌వేర్ తెచ్చుకునే దేశాలు ఈ చట్టం ముక్కని మాత్రం వదిలేస్తుంటాయి.

నన్నడిగితే మొత్తం ఈ కథలో తక్కువ పేరొచ్చిన గొప్ప పని పోలండ్ స్థానిక పాలనది. బాల్సెరోవిచ్ గురించి అందరూ రాస్తారు, యెజీ రెగుల్స్కీ గురించి ఎవరు రాస్తారు? 1980ల నుంచే ఆయనా, ఇంకొందరు మేధావులూ స్థానిక ప్రభుత్వాల గురించి పరిశోధిస్తూ, చర్చిస్తూ ఉన్నారు, అప్పట్లో అది పనికిరాని పగటికలే. 1989లో అవకాశం రాగానే వీళ్ల దగ్గర ఆలోచన తయారుగా ఉంది. ఐదు గుత్తాధిపత్యాలు పగలగొట్టాలని రెగుల్స్కీ చెప్పేవారు: ఒకే పార్టీ రాజకీయం, అధికారమంతా కేంద్రానిదే అన్న సూత్రం, ఆస్తంతా రాజ్యానిదే కావడం, డబ్బంతా కేంద్రం నుంచే రావడం, అధికారులంతా పైవాళ్లకే జవాబు చెప్పడం. వీటిలో నాలుగు పగలగొట్టి ఐదోది వదిలేస్తే మిగతా నాలుగూ మళ్లీ అతుక్కుంటాయి.

1990 మార్చి 8న చట్టం, మే 27న ఎన్నికలు. మూడు నెలలు కూడా లేవు. దాదాపు 2,400 గ్మీనాలకి, అంటే ఊళ్లు, పట్టణాల స్థాయి పాలక సంస్థలకి, సొంత ఆస్తి, సొంత బడ్జెట్, సొంత ఉద్యోగులు వచ్చారు. అంతవరకు స్థానిక ఆఫీసులో గుమాస్తా రాజధాని వైపు చూసేవాడు, ఆ రోజు తర్వాత అతని జీతం ఆ ఊరి కౌన్సిల్ చేతిలో ఉంది, కౌన్సిల్ ఆ ఊరి ఓటర్ల చేతిలో ఉంది. మనిషి అతనే కావచ్చు, అదే కుర్చీ కావచ్చు, జవాబు చెప్పుకోవాల్సిన దిక్కు మారిపోయింది. ఎవరినీ పెద్దగా తీసేయకుండానే ఇది జరిగింది, నాకు ఇందులో ముచ్చటేసే విషయం అదే. రాజధానిలో మంత్రివర్గాలు ఏడాదికొకటి చొప్పున పడిపోతున్న ఆ కాలంలో వీధి దీపాలు, నీళ్లు, స్కూళ్లు నడిచాయంటే దీని పుణ్యమే.

రెండో విడత మాత్రం 1999 జనవరి దాకా ఆగింది. 49 రాష్ట్రాలని తగ్గించాలనుకున్నారు, ప్రభుత్వం 12 అంది, తర్వాత 15 అంది, అధ్యక్షుడు వీటో వేశాడు, చివరికి 16 దగ్గర తేలింది. రాష్ట్ర రాజధాని హోదా పోతుందని ఊళ్లకి ఊళ్లు రోడ్డెక్కాయి. మొదటి ఊపులో చేయని పని తొమ్మిదేళ్ల తర్వాత చేయాలంటే ఎంత బేరం నడుస్తుందో చూడండి, అప్పటికి ప్రతి కుర్చీకి ఒక యజమాని పుట్టి ఉంటాడు.

ఇక యూరోపియన్ యూనియన్. 1995 డిసెంబరులో మాడ్రిడ్ సమావేశంలో, చేరాలనుకునే దేశాలు చట్టాలు మార్చుకుంటే చాలదు, వాటిని అమలుచేసే యంత్రాంగం కూడా ఉండాలని చెప్పారు. యూనియన్ చట్టాలు దాదాపు 80 వేల పేజీలు, కాబట్టి షరతు అన్యాయం కాదు. ప్రతిభ చూసి ఉద్యోగాలివ్వండి, మంత్రి మారినప్పుడల్లా అధికారిని మార్చకండి, సివిల్ సర్వీసు చట్టం చేయండి అన్నారు. హంగరీ 1992లోనే అందరికన్నా ముందు చేసింది. చెక్ రిపబ్లిక్ చేసిన పని మాత్రం నవ్వొచ్చేలా ఉంటుంది. 2002లో చట్టం పాస్ చేశారు, అమలుని వాయిదా వేశారు, మళ్లీ వేశారు, 2004లో యూనియన్‌లో చేరిపోయాక కూడా వేస్తూనే పోయారు, చివరికి దాన్ని అమలుచేయకుండానే 2014లో ఇంకో చట్టం చేసి 2015 నుంచి అమలుచేశారు. స్లొవేకియా 2006లో తన సివిల్ సర్వీసు ఆఫీసునే మూసేసింది. అదే ఏడాది పోలండ్ కూడా మూసేసింది, తర్వాత సివిల్ సర్వీసు అధిపతి పదవిని మళ్లీ నిలబెట్టింది, 2015 చివర్లో పై పోస్టులకి పోటీ ఎంపిక తీసేసింది. చేరేదాకా క్రమశిక్షణ, చేరాక మన ఇల్లు మన ఇష్టం. బయటివాడి పరీక్ష కోసం చదివింది పరీక్ష అయ్యాక నిలుస్తుందా? గ్మీనాలని రద్దు చేయడానికి మాత్రం ఏ పార్టీకీ ధైర్యం చాలలేదు, ఎందుకంటే వాటి వెనక ఓటర్లున్నారు, సివిల్ సర్వీసు ఆఫీసు వెనక ఎవరూ లేరు.

ఈ అన్ని ముక్కలూ ఒకేచోట చూడాలంటే ఉక్రెయిన్. 2014లో జనాందోళనతో ప్రభుత్వం మారాక వాళ్లు జార్జియా నుంచి మనుషుల్ని తెచ్చి 2015 జూలైలో కీవ్ వీధుల్లో కొత్త పెట్రోల్ పోలీసులని దించారు. మిగతా పోలీసులందరినీ ఇంటర్వ్యూలు చేసి పనికిరానివాళ్లని తీసేశారు, తీసేసినవాళ్లలో చాలామంది కోర్టుకెళ్లి ఉద్యోగాలు తిరిగి తెచ్చుకున్నారు, ఎందుకంటే తీసేయడానికి సరైన కారణం కాగితం మీద లేదు, కోర్టులు పాతవే. ప్రోజోరో అనే టెండర్ల వ్యవస్థ 2016 ఆగస్టు నుంచి తప్పనిసరైంది, బిడ్లన్నీ ఎవరైనా తెరిచి చూడొచ్చు. పోలండ్‌ని చూసి స్థానిక పాలనని కూడా మార్చారు, దాదాపు 11 వేల చిన్న కౌన్సిళ్లు 2020కల్లా 1,469 హ్రోమాదాలుగా, అంటే పెద్ద స్థానిక సంస్థలుగా కలిశాయి, ఆదాయపు పన్నులో పెద్ద వాటా వాటికే వెళ్లింది. 2022 ఫిబ్రవరిలో రష్యా దాడి చేసినప్పుడు శరణార్థులకి చోటు చూపించింది, రొట్టె పంచింది, కరెంటు నిలబెట్టింది చాలాచోట్ల ఈ హ్రోమాదాలే.

సివిల్ సర్వీసు చట్టం కూడా ఉంది, 2016 మే నుంచి అమల్లోకొచ్చింది, పోటీ లేకుండా పోస్టు లేదని అందులో రాశారు. యుద్ధకాలపు సైనిక చట్టం వచ్చాక ఆ పోటీలు ఆపేశారు, ఖాళీలని నేరుగా నింపడం మొదలుపెట్టారు. యుద్ధంలో వేరే దారి లేదు, నిజమే. అలా వచ్చి కూర్చున్నవాళ్లు యుద్ధం ముగిశాక మామూలు పోటీకి నిలబడాలనే నియమం పెట్టారు. అప్పటికి ఆ కుర్చీల్లో ఎంతమంది స్థిరపడి ఉంటారో, పోటీ పెట్టడానికి సంతకం చేయాల్సినవాళ్లలో ఎంతమంది వాళ్లలోంచే వచ్చి ఉంటారో, యూరోపియన్ యూనియన్ తలుపు దగ్గర నిలబడ్డ ఆ దేశం తేల్చుకోవాల్సిన లెక్క అది.